గానుగలోకి పచ్చికొబ్బరి వెయ్యకూడదు

కొబ్బరినూనె కావాలి. కాయ దింపించి, పీచు ఒలిచి, పగలగొట్టి, ఆ పచ్చికొబ్బరిని అలాగే తీసుకెళ్ళి గానుగలో వేస్తారా? వెయ్యరు. అంబాజీపేటలోనో కొత్తపేటలోనో ఏ గానుగ మనిషిని అడిగినా నవ్వి ఊరుకుంటాడు. పచ్చికొబ్బరి బరువులో దగ్గర దగ్గర సగం నీరే. ఎండబెట్టి, తేమ నూటికి 6 పాళ్ళ దాకా దిగిన తరువాతే అది గానుగకు పనికివచ్చే కొబ్బరి అవుతుంది. తడి ఉండగానే వేస్తే నూనె సరిగా దిగదు. దిగిన కాస్త నూనె కూడా తొందరగా పాడవుతుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. గానుగకు చేతనైన పని ఒక్కటే, నలిపి నూనె తీయడం. లోపలికి వచ్చింది పచ్చిదా, ఎండుదా అని అది చూడదు. "ఎండుకొబ్బరే వేస్తారులే" అన్న నమ్మకంతో దాన్ని తయారుచేశారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పని గానుగలో కాదు, గానుగ బయట జరగాలి.

కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళకు, అందులోనూ రసాయనశాస్త్రం లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాసేవాళ్ళకు, సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. దానికి వాళ్ళు వాడే ఉపాయం పేరు డెకరేటరు. ఆ ఉపాయం ఏమిటో చెప్పుకునే ముందు, అటువంటి ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో కోనసీమ కళ్ళారా చూసిన ఒక ఘటన ఉంది. అది కంప్యూటరులో జరిగింది కాదు. అయినా ముందు దాన్నే చెప్పుకోవాలి.

తడి వాయువు, పొడి గొట్టం

కోనసీమ నేల కింద సహజవాయువు ఉంది. 1980ల నుంచి బావులు తవ్వి దాన్ని పైకి తీస్తున్నారు. రాజోలు దగ్గర తాటిపాకలో పోగుచేసి, భూమిలో పాతిన ఉక్కు గొట్టాల ద్వారా దూరప్రాంతాలకు పంపుతారు. అలాంటి గొట్టం ఒకటి మామిడికుదురు మండలంలోని 'నగరం' అనే గ్రామం మీదుగా వెళ్ళి, విజయవాడ దగ్గర కొండపల్లిలో ఉన్న విద్యుత్ కేంద్రానికి వాయువును అందించేది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామం దగ్గర ఆ గొట్టం చిల్లుపడింది. ఊరు ఇంకా పూర్తిగా నిద్రలేవలేదు. బయటికి తన్నుకొచ్చిన వాయువు ఇళ్ళ మధ్యా, తోటల మధ్యా కమ్ముకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు కాలిపోయాయి. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి.

పెట్రోలియం మంత్రిత్వశాఖ వేసిన విచారణ సంఘం కారణం వెదికింది. ఆ గొట్టం వేసింది పొడి వాయువు కోసం. అందులోంచి వెళ్ళింది మాత్రం తడి వాయువు, అంటే నీరూ ద్రవరూపంలోని హైడ్రోకార్బన్లూ కలిసిన వాయువు. ఆ తడిని తీసేసే యంత్రం గొట్టం మొదట్లో లేదు. లోపలివైపు ఉక్కు తుప్పుపట్టి, పలచబడి, చివరికి తెగింది.

ఉక్కు తుప్పుపట్టడానికి నీరూ ఆక్సిజనూ కావాలని మీకు తెలుసు. కాని ఇక్కడ నీటికి తోడు ఇంకొకటి ఉంటుంది. సహజవాయువుతో పాటు సాధారణంగా కొంత కార్బన్ డయాక్సైడు కూడా పైకి వస్తుంది. పొడిగా ఉన్నంతసేపు అది ఉక్కును ఏమీ చెయ్యదు. నీరు దొరికిందా, అందులో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. మీరు తాగే సోడాలో ఉన్నది ఆ ఆమ్లమే. బలహీనమైనదే కదా అనుకోవచ్చు. కాని గొట్టంలో పల్లమున్న చోట నీరు నిలిచి, ఆ బలహీనమైన ఆమ్లం ఏళ్ళ తరబడి ఒకేచోట పనిచేస్తే ఉక్కు కూడా తట్టుకోలేదు.

మరి వాయువును ఆరబెట్టడం ఎలా? దండెం మీద వేసి ఆరబెట్టలేం కదా! దానికి నిలువుగా ఒక స్తంభం కడతారు. పైనుంచి ట్రైఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కని ద్రవం కిందికి జారుతూ ఉంటుంది. కిందినుంచి వాయువు పైకి వెళ్తూ ఉంటుంది. ఈ గ్లైకాల్‌కు నీరంటే ప్రాణం. ఎదురుపడిన వాయువులోంచి నీటిని లాగేసుకుంటుంది. తరువాత గ్లైకాల్‌ను విడిగా సుమారు 200 డిగ్రీల దాకా వేడిచేస్తే నీరు ఆవిరైపోతుంది. మిగిలిన గ్లైకాల్‌ను మళ్ళీ పైకి పంపిస్తారు. స్తంభంలోకి ఎంత తడిగా వెళ్ళినా, గొట్టంలోకి దిగే వాయువు పొడిగానే ఉంటుంది. అన్ని మైళ్ళ గొట్టంలో ఏ ముక్కకూ తేమ సంగతి తెలియనక్కరలేదు. మొదట్లో ఆ స్తంభం ఒక్కటి ఉంటే చాలు.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికి వద్దాం.

ఒకే అణువుకు ఇన్ని వేషాలా!

ప్రోగ్రాములో ఫంక్షను అంటే చిన్న గానుగ అనుకోండి. ఒకవైపు ఏదో ఇస్తారు, రెండోవైపు ఏదో వస్తుంది. "అణుభారం" అనే ఫంక్షనుకు నీటి అణువును ఇస్తే 18 అని చెబుతుంది. ఇలాంటి ఫంక్షన్లను వందలకొద్దీ రాసి, ఒకచోట కూర్చి, అందరూ వాడుకునేలా పెడితే దాన్ని లైబ్రరీ అంటారు. రసాయనశాస్త్రానికి అలాంటి లైబ్రరీలలో పేరున్నది ఆర్‌డికిట్. 2006 నుంచి అది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. పైథాను అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు దాన్ని విరివిగా వాడతారు.

సరే, "నీటి అణువును ఇస్తే" అన్నాను. కంప్యూటరుకు అణువును ఇవ్వడమంటే ఏమిటి? దాని లోపల అణువంటే ఒక పట్టిక. ఏయే పరమాణువులున్నాయి, ఏది దేనితో ఎన్ని బంధాలతో కలిసి ఉంది అన్నదంతా ఆ పట్టికలో ఉంటుంది. ఆర్‌డికిట్ ఫంక్షన్లు ఎదురుచూసే "ఎండుకొబ్బరి" అదే. మనుషులు మాత్రం అణువులను పట్టికలుగా రాసుకోరు. ఒకరు ఫార్ములా రాస్తారు. ఒకరు పేరు రాస్తారు. ఇంకొకరు పరమాణువుల స్థానాలన్నీ రాసిన ఫైలు పంపిస్తారు. ఎక్కువమంది స్మైల్స్ అనే రాతను వాడతారు.

ఈ స్మైల్స్ ముచ్చటైనది కనుక దాని దగ్గర కాసేపు ఆగుదాం. 1980లలో డేవిడ్ వైనింగర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త, ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థకు డులూత్ నగరంలో ఉన్న ప్రయోగశాలలో దీన్ని మొదలుపెట్టాడు. 1988లో దాన్ని గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అణువు బొమ్మను ఒకే వరసలో అక్షరాలుగా రాసెయ్యడం ఎలాగన్నదే ఆయన సమస్య. ఆయన చేసిన తెలివైన పని, హైడ్రోజన్లను రాయడం మానెయ్యడం! కార్బన్‌కు నాలుగు బంధాలుంటాయని మనకు తెలుసు. రాయకుండా వదిలేసిన బంధాలన్నిటికీ హైడ్రోజన్లే ఉన్నాయని అనుకుంటే సరిపోతుంది.

అందుచేత స్మైల్స్‌లో ఒక్క 'సి' అక్షరం రాస్తే అది మీథేన్. (కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరమే కొట్టాలి. ఇక్కడ దాని పేరును తెలుగులో రాస్తున్నాను.) కోనసీమ గొట్టాల్లో పోయే సహజవాయువులో ముఖ్యభాగం మీథేనే కదా, దాని పేరు ఒక్క అక్షరంలో అయిపోయింది! 'సిసి' అంటే ఈథేన్. 'సిసిసి' ప్రొపేన్, 'సిసిసిసి' బ్యూటేన్. ఈ రెండూ కలిసినదే మన వంటగ్యాసు సిలిండరు. ఒక్క 'ఓ' రాస్తే నీరు. 'సిసిఓ' రాస్తే ఆల్కహాలు, అంటే ఇథనాల్. దాన్నే వెనకనుంచి 'ఓసిసి' అని రాసినా తప్పు లేదు. అణువు అదే. కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం ఎలా రాస్తారో తెలుసా? 'సి' పన్నెండుసార్లు వరసగా రాసి, చివర '(=ఓ)ఓ' చేరుస్తారు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. మీరు "అణుభారం" ఫంక్షనుకు 'సిసిఓ' అన్న మూడక్షరాలు ఇచ్చారనుకోండి. మనకు అది ఇథనాల్. ఫంక్షనుకు మాత్రం అది మూడక్షరాల మాట. దానికి కావలసింది పట్టిక. "నాకు అణువు కావాలంటే మాట ఇచ్చావేం?" అని ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. పచ్చికొబ్బరిని గానుగ తిప్పికొట్టిందన్నమాట.

గుమ్మం దగ్గర నీళ్ళచెంబు

దీనికి సులువైన మందు ఒకటుంది. ప్రతి ఫంక్షను మొదట్లోనూ ఇలా నాలుగు వాక్యాలు రాసుకోవచ్చు: "వచ్చింది అణువైతే సరే. స్మైల్స్ అయితే అణువుగా మార్చు. ఫైలైతే చదివి అణువుగా మార్చు. ఇవేవీ కాకపోతే ఆగిపో." ఒక్క ఫంక్షనుకైతే బాగానే ఉంటుంది. రెండు వందల ఫంక్షన్లుంటే? అవే నాలుగు వాక్యాలు రెండు వందలసార్లు రాయాలి. రాసేవాడు మనిషి. నూట ముప్ఫయ్యోదో నూట నలభయ్యోదో రాసేటప్పుడు మరిచిపోతాడు. మరో కొత్తరకం రాత వాడుకలోకి వస్తే మళ్ళీ రెండు వందల చోట్లా దిద్దాలి.

మన ఊళ్ళల్లో బయటినుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టేవారు. వంటింట్లో ఒక చెంబు, పడకగదిలో ఒక చెంబు, దేవుడి గదిలో ఒక చెంబు పెట్టరు కదా! బురద గుమ్మం దగ్గరే వదిలితే లోపలి గదులకు ఆ బాధ ఉండదు. డెకరేటరు చేసే పని అదే.

డెకరేటరు అంటే ఇంగ్లీషులో అలంకరించేది అని అర్థం. నన్నడిగితే ఆ పేరు అంత అతికినట్టు లేదు. తోరణం కట్టినట్టు అందానికి పెట్టేది కాదది, పనికోసం పెట్టేది. అదికూడా ఒక ఫంక్షనే. కాకపోతే అది తినేది అంకెలనూ అక్షరాలనూ కాదు, మరొక ఫంక్షనును! ఒక ఫంక్షనును తీసుకుని, దానిచుట్టూ ఒక తొడుగు వేసి, తొడుగుతో సహా తిరిగి ఇస్తుంది. ఆ తరువాత మీరు అసలు ఫంక్షనును పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ముందు పలికేది తొడుగే. వచ్చినదాన్ని చూసి, కావలసిన రూపంలోకి మార్చి, అప్పుడు లోపలికి పంపిస్తుంది.

పైథాను భాషలో 2004లో దీనికి పొట్టి గుర్తు ఒకటి చేర్చారు. ఈమెయిలు చిరునామాలలో వాడే '@' గుర్తే అది. ఆ వాక్యాలను తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

@అణువుగా_మార్చు
ఫంక్షను అణుభారం (అణువు):
    పరమాణువుల భారాలన్నీ కూడి చెప్పు

పై వాక్యాన్ని చూడండి. మార్చడానికి సంబంధించిన తతంగమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. "అణువుగా_మార్చు" అనే డెకరేటరును వేరే చోట ఒక్కసారి రాసి ఉంచుతారు. రెండు వందల ఫంక్షన్ల నెత్తిన ఈ ఒక్క వరస పెడితే చాలు. కింది ఫంక్షనులో మిగిలింది దాని అసలు పని మాత్రమే, కూడిక. కొత్తరకం రాత వస్తే దిద్దవలసింది ఒక్కచోటే.

ఒక తమాషా కూడా ఉంది. తొడుగు వేశాక "నీ పేరేమిటి?" అని ఫంక్షనును అడిగితే అది తొడుగు పేరు చెబుతుంది! రాజుగారిని పిలిస్తే ద్వారపాలకుడు "నేనే రాజును" అన్నట్టు. అందుకని తొడుగుకు లోపలివాడి పేరే తగిలించే చిన్న సాధనాన్ని పైథాను రాసినవాళ్ళే ఇచ్చారు. దాన్ని వాడడం మరిచిపోతే, తప్పు ఎక్కడ జరిగిందో వెదికేటప్పుడు అన్ని ఫంక్షన్లకూ ఒకే పేరు కనబడి తల తిరుగుతుంది.

కాపలావాడు ఊహించకూడదు

ఇంతవరకూ హాయిగా ఉంది. ఇప్పుడు ఒక ప్రశ్న. డెకరేటరు దగ్గరికి 'సిఓ' అన్న రెండక్షరాలు వచ్చాయి. ఏమిటది?

కార్బన్ మోనాక్సైడు అని మీరు వెంటనే అనేసి ఉంటారు. ఎనిమిదో తరగతి నుంచీ అలాగే నేర్చుకున్నాం మరి. ఫార్ములాగా చదివితే అది నిజమే. అణుభారం 28. కాని అవే రెండక్షరాలను స్మైల్స్‌గా చదవండి. ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రాయని బంధాలన్నిటికీ హైడ్రోజన్లు. అప్పుడది మిథనాల్! అణుభారం 32. మొదటిది మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నవాళ్ళ ప్రాణం తీసే వాయువు. రెండోది కల్తీసారాలో కళ్ళు పోగొట్టే ద్రవం. రెండక్షరాలు అవే, పదార్థాలు వేరు. రెండో అక్షరాన్ని చిన్నదిగా రాస్తే ఫార్ములాలో అది కోబాల్టు అనే లోహం కూడా అవుతుంది.

అంతెందుకు, మీథేన్ కోసం స్మైల్స్‌లో రాసిన 'సి' ఫార్ములాగా చదివితే వట్టి కార్బన్. పన్నెండుకీ పదహారుకీ ఉన్న తేడా అది.

అందుచేత మంచి డెకరేటరు ఏ వేషాన్నయినా విప్పుతుంది కాని, ఏ వేషమో తెలియనప్పుడు ఊహించదు. "మాట వస్తే దాన్ని స్మైల్స్‌గానే చదువుతాను, ఫార్ములా అయితే అలాగని విడిగా చెప్పండి" అని ముందే చాటింపు వేస్తుంది. ఎంత చిత్రమైన ఇన్‌పుట్ ఇచ్చినా ఏదో ఒకటి ఊహించి పని కానిచ్చేసే డెకరేటర్లను కొందరు మెచ్చుకుంటారు. నాకు వాటిమీద నమ్మకం లేదు. ఆగిపోయిన ప్రోగ్రాము అరగంట నష్టపరుస్తుంది. తప్పుడు అణువుతో నవ్వుతూ నడిచిపోయిన ప్రోగ్రాము ఎంత నష్టపరుస్తుందో ఎవరూ చెప్పలేరు.

కొలతలలో కూడా ఇదే కథ. వాయువుల సమీకరణం మీరు చదువుకునే ఉంటారు. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది, మోల్‌ల సంఖ్యనూ వాయు స్థిరాంకాన్నీ ఉష్ణోగ్రతనూ గుణిస్తే వచ్చేదానికి సమానం. ఈ ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉండాలి. ఒక వాతావరణ పీడనం దగ్గర, 30 డిగ్రీల సెల్సియస్‌లో, ఒక మోల్ మీథేన్ ఎంత చోటు ఆక్రమిస్తుంది? 30 డిగ్రీలంటే 303 కెల్విన్లు. లెక్క కడితే దాదాపు 24.9 లీటర్లు వస్తుంది. 303కు బదులు 30 వేస్తే 2.5 లీటర్లు కూడా రాదు. గానుగ దేన్నయినా నలుపుతుంది, సమీకరణం ఏ అంకెనయినా గుణిస్తుంది. పదోవంతు జవాబు వచ్చిందని దానికి తెలియదు.

పైథానులో పింట్ అనే లైబ్రరీ ఈ బాధ తీరుస్తుంది. అందులో అంకె ఒంటరిగా ఉండదు. "30 డిగ్రీల సెల్సియస్" అని కొలమానంతో కలిసే ఉంటుంది. ఫంక్షను నెత్తిన ఆ లైబ్రరీ ఇచ్చే డెకరేటరు పెట్టి "నాకు కెల్విన్లు కావాలి" అంటే, సెల్సియస్‌లో వచ్చినదాన్ని గుమ్మంలోనే కెల్విన్లుగా మార్చి లోపలికి పంపిస్తుంది. మరి కొలమానం లేకుండా వట్టి 30 వస్తే? మామూలుగా అయితే లోపలికి రానివ్వదు. అది కఠినంగా ఉండడమే అక్కడ పద్ధతి. మనకు కావాలంటే ఆ కఠినత్వాన్ని సడలించుకునే వీలు కూడా ఉంది. సడలించాక జరిగేదానికి మాత్రం మనదే పూచీ!

డెకరేటరు ఉచితంగా రాదన్న సంగతి కూడా చెప్పాలి. స్మైల్స్‌ను పట్టికగా మార్చడానికి కంప్యూటరుకు కొంత సమయం పడుతుంది. ఒకే అణువును యాభై ఫంక్షన్లకు స్మైల్స్‌గానే ఇస్తే, యాభై గుమ్మాల దగ్గరా అదే మార్పు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ఒక్క అణువైతే ఫరవాలేదు. మందుల కోసం వెదికేవాళ్ళు లక్షల అణువులను జల్లెడపడతారు. అప్పుడు ముందే ఒక్కసారి పట్టికగా మార్చుకుని, ఆ పట్టికనే అన్ని ఫంక్షన్లకూ అందించాలి. అప్పటికే కాళ్ళు కడుక్కున్నవాణ్ణి కాపలావాడు ఆపకుండా పోనిస్తాడు.

ఇంకొక మెలిక ఉంది, తెలియకపోతే ఇబ్బంది పెడుతుంది. స్మైల్స్‌ను అణువుగా మార్చే ఆర్‌డికిట్ ఫంక్షనుకు తప్పుడు రాత ఇచ్చారనుకోండి. ఉదాహరణకు ఒక కార్బన్‌కు ఐదు బంధాలు ఉన్నట్టు రాశారు. అది ఒక హెచ్చరిక ముద్రిస్తుంది కాని ప్రోగ్రామును ఆపదు. "ఏమీ లేదు" అని అర్థం వచ్చే ఒక ఖాళీ వస్తువును చేతికిస్తుంది. డెకరేటరు రాసినవాడు ఆ చేతిలోది ఖాళీయా అని చూడకుండా లోపలికి పంపిస్తే, గుమ్మం ఉండీ ప్రయోజనం లేదు. లక్ష అణువుల జాబితాలో ఏదో ఒకచోట అలాంటిది దొర్లితే, ఎన్నో వరసలో దొర్లిందో కూడా కాపలావాడే చెప్పాలి. లేకపోతే వెదుక్కోవడానికి ఒక రోజంతా పడుతుంది.

మీ బడిలో కంప్యూటరు ఉంటే, మాస్టారి సాయంతో పైథాను, ఆర్‌డికిట్ రెండూ ఎక్కించుకోండి. రెంటికీ డబ్బు కట్టనక్కరలేదు. 'సి', 'సిసి', 'ఓ' ఒకదాని తరువాత ఒకటి ఇచ్చి అణుభారాలు అడగండి. మీరు తరగతిలో కట్టిన లెక్కలతో సరిపోయాయో లేదో చూడండి. తరువాత నీటికోసం 'ఓ' అక్షరానికి బదులు కావాలనే సున్నా అంకె కొట్టండి. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. మీరు రాసిన డెకరేటరు అప్పుడేమంటుందో నోటుపుస్తకంలో రాసుకోండి.